ప్రయోగశాల – విజ్ఞానంలో, వైద్యంలో, విద్యలో

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండి నిలిచినప్పుడు భవనాల చరిత్ర, ఫలితాల శాతం, పేరుప్రతిష్ఠలు సంపాదించుకొన్న విద్యార్థుల జాబితా ప్రస్తావనకు రావడం సహజం. ప్రయోగశాలను గురించి ప్రస్తావించేవారు మాత్రం అరుదు. ప్రతి ఉన్నత పాఠశాలలోను వరండా చివర అటువంటి గది ఒకటి ఉంటుంది. గాజు తలుపుల బీరువాలు, వాటిలో వరుసగా సీసాలు, గోడమీద రంగు వెలిసిన మూలకాల పట్టిక, మూలగా ఒక అస్థిపంజరం చిత్రపటం. తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు, ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడినప్పుడు ఆ గది తాళం తీస్తారు. మిగిలిన రోజులలో తాళంచెవి కార్యాలయంలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఈ స్థితి ఏ ఒక్క పాఠశాలకో పరిమితమైనది కాదు. అందుచేతనే ఆ గది ఎందుకు పుట్టినది, అది మానవజాతికి ఏమి ఇచ్చినది, బాలబాలికలకు ఏమి ఇవ్వగలదు అనే విషయాలను ఈ శుభ సందర్భంలో విచారించడం అవసరం.

పూర్వకాలంలో ప్రయోగశాల సంపన్నుల ఇళ్ళలోనో, మందులు నూరేవారి దుకాణాల వెనుకనో ఉండేది. విద్యార్థి ప్రయోగాన్ని దూరం నుండి చూడవలసినదే గాని, చేయి పెట్టే అవకాశం లేదు. ఆ పరిస్థితిని మార్చిన వారిలో ముఖ్యుడు జర్మనీ దేశీయుడైన యూస్టస్ లీబిగ్. 1824లో, ఇరవై ఒక్క ఏళ్ళ ప్రాయంలో, గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరి, సైనికులు ఖాళీ చేసిన ఒక కట్టడంలో ఆయన రసాయనశాలను నెలకొల్పాడు. అక్కడ ప్రతి విద్యార్థీ తన చేతులతో తానే పదార్థాన్ని విశ్లేషించవలసినదే. గురువు సమాధానం చెప్పడు, పదార్థమే చెప్పాలి. యూరప్ అంతటా, తరువాత అమెరికాలోను విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతినే అనుసరించాయి.

భారతదేశంలో ఆ విత్తనాన్ని నాటిన వారిలో మహేంద్రలాల్ సర్కార్ స్మరణీయులు. 1876లో ఆయన కలకత్తాలో స్థాపించిన విజ్ఞాన సంస్థలోనే, 1907 నుండి, ఆర్థికశాఖలో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఉదయం, సాయంత్రం వేళలలో పరిశోధనలు సాగించాడు. ఆయన చంద్రశేఖర వెంకట రామన్. బాల్యంలో విశాఖపట్టణంలో చదివి, ఈ మద్రాసు నగరంలోని ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టా పొందినవారు. 1928 ఫిబ్రవరి 28న ప్రకటితమైన ఆయన ఆవిష్కరణకు మూలమైన పరికరాలు ఏమంత ఆడంబరమైనవి కావు: సూర్యకాంతి, దానిని కేంద్రీకరించడానికి ఒక దూరదర్శిని, రంగు గాజు పలకలు, చిన్న వర్ణపటదర్శిని. గది గొప్పదా, పరికరం ఖరీదైనదా అన్న ప్రశ్నలకు ఇది చాలినంత సమాధానం.

అయితే ప్రయోగశాల అసలు స్వభావాన్ని తెలుసుకొనడానికి తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. దానిని కొంత విస్తరించి చెప్పడం ఉచితం.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువులో ఆయన మొదటినుండి మెరిసిన నక్షత్రం కాదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో, మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. తమ పిల్లవాడికి ఒక పరీక్షలో మార్కులు తగ్గినంత మాత్రాన నిద్రాహారాలు మానుకొనే తల్లిదండ్రులు ఈ విషయాన్ని గుర్తుంచుకొంటే మంచిది. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలోను, మద్రాసు వైద్య కళాశాలలోను చదివారు. గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సా శాఖాచార్యుని ఆగ్రహానికి గురియై, పూర్తి పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందారు. ఆయన సోదరులను స్ప్రూ అనే వ్యాధి బలిగొన్నది. ఆహారం ఒంటబట్టక, నీళ్ళ విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోయే జబ్బు అది. ఆయనకు కూడ ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన ధనసహాయంతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే కొలువు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి ఆయన చేపట్టిన పని వినడానికి చాల చిన్నది: రక్తంలోను, ఇతర శరీర ద్రవాలలోను భాస్వరం ఎంత ఉన్నదో ఖచ్చితంగా కొలవడం. భాస్వరం ఫాస్ఫేటు రూపంలో ఉన్న ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, తగిన క్షయకరణ ద్రవ్యాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. తెలిసిన పరిమాణం గల ద్రావణపు రంగుతో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. 1925లో ప్రకటించిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ప్రపంచంలోని జీవరసాయన శాలలన్నింటికీ నిత్యకృత్యమయింది.

ఆ తరువాత జరిగినదే అసలు గమనించదగిన సంగతి. కండరం నుండి తీసిన రసంలో ఇదే పద్ధతితో భాస్వరాన్ని కొలవబోతే నీలిరంగు అనుకొన్న వేళకు పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూనే పోయింది. కొలత కుదరలేదన్న మాట. తొందరపాటు మనిషి అయితే, తనకు నచ్చిన నిమిషంలో రంగు చూసి, ఒక అంకె వ్రాసి, పుస్తకం మూసివేసేవాడు. ఫిస్కే, సుబ్బారావు అలా చేయలేదు. రంగు ఆలస్యంగా రావడానికి కారణం ఉండి తీరాలని వెదికారు. కండరంలో ఫాస్ఫేటు వేరొక పదార్థంతో కూడి ఉన్నదని, ఆ సమ్మేళనం ఆమ్లంలో క్రమంగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్నదని, అందుకే రంగు నిలకడగా లేదని తేల్చారు. అదే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఎ.టి.పి. అనే శక్తిదాయక పదార్థాన్ని కూడ వారు వేరుచేశారు. అదే సంవత్సరంలో జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుండి వస్తుందన్న విషయమై అప్పటికి నోబెల్ బహుమానం పొంది ఉన్న సిద్ధాంతాన్నే తిరిగి ఆలోచించవలసి వచ్చింది. కుదరని ఒక రీడింగును చెరిపివేయకుండా ఉంచినందువల్ల కలిగిన ఫలితమిది.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఇక్కడ కథ కొంత వెనుకకు, భారతదేశానికి రావలసి ఉన్నది. 1928 నుండి లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బట్టలమిల్లు కూలీలైన గర్భిణీ స్త్రీలకు వచ్చే తీవ్ర రక్తహీనతను పరిశోధించింది. కొంతకాలం నీలగిరులలోని కూనూరు పాశ్చర్ సంస్థలో కూడ పనిచేసింది. ఈస్టు నుండి తీసిన సారం ఇస్తే ఆ రక్తహీనత తగ్గుతున్నదని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని గుణకారి పదార్థమేదో ఆనాటికి తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని లేశమాత్రంగా రాబట్టి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడంతో టన్నుల ఆకుకూరతో పని లేకుండా పోయింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు కూడ అది గుణమిస్తుందని ఆ రోజులలోనే తేలింది. ఏ వ్యాధి సోదరులను తీసుకొనిపోయినదో ఆ వ్యాధికి పనికివచ్చే మందు ఇరవై ఏళ్ళకు పైబడిన తరువాత ఆ సోదరుని ప్రయోగశాల నుండి వెలువడినది. నేడు ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో బాలబాలికలకు వారానికొకసారి ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలో ఉన్నది ఇదే. దానిని నోట వేసుకోవడానికి ముఖం చిట్లించే పిల్లలకు ఈ చరిత్ర ఒకసారి చెప్పవచ్చు.

ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే పదార్థాలను సైతం అదే బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన పదహారుమంది పిల్లలకు ఇవ్వగా, పదిమందిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనుకంజ వేసింది. ఈ వార్త 1948 జూన్‌లో వెలువడింది. ఆ పదార్థానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వైద్యులు నేటికీ వాడుతున్నారు. బోదకాలు జ్వరానికి వాడే డై ఇథైల్ కార్బమజైన్ కూడ ఆ ప్రయోగశాలనుండి వచ్చినదే. 1948 ఆగస్టు 8న సుబ్బారావుగారు పరమపదించారు. స్వదేశానికి మళ్ళీ రాలేదు.

వైద్యరంగంలో ప్రయోగశాల పాత్రకు రెండవ ముఖం కూడ ఉన్నది. దానిని దాచడం ధర్మం కాదు. 1897 జనవరిలో బొంబాయిలో వాల్డెమార్ హాఫ్కిన్ ప్లేగు టీకాను మొదట తన శరీరంపైనే ప్రయోగించుకొని, తరువాత లక్షల మందికి అందజేశాడు. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ఆ టీకా వేశారు. వారిలో ఒకే సీసానుండి టీకా పొందిన 19 మందీ ధనుర్వాతంతో మరణించారు. నింద ప్రయోగశాలపైన, హాఫ్కిన్‌పైన పడింది. ఆయన పదవి పోయింది. ఐతే ఏ సీసా ఎవరికి వాడినదీ వ్రాసి ఉన్నందున విచారణకు ఆధారం దొరికింది. ఆ గ్రామంలో సహాయకుడొకడు పట్టకారును నేలపై జారవిడిచి, సరిగా శుద్ధి చేయకుండా దానితోనే సీసా బిరడా తీశాడన్న విషయం మొదట మరుగునపడి, తరువాత బయటికి వచ్చింది. మలేరియా రహస్యాన్ని సికిందరాబాదులో ఛేదించిన రొనాల్డ్ రాస్ మొదలైన శాస్త్రజ్ఞులు 1907లో పత్రికాముఖంగా వాదించిన మీదట హాఫ్కిన్ నిర్దోషియని ప్రభుత్వం అంగీకరించింది. పరికరాన్ని శుద్ధి చేయడం, చేసినది చేసినట్లు వ్రాయడం పాఠశాలలో ప్రయోగం నేర్పేటప్పుడు మొదట చెప్పే రెండు సూత్రాలు. పంతొమ్మిది ప్రాణాలు ఒక సూత్రాన్ని మీరినందువల్ల పోయాయి. ఒక శాస్త్రజ్ఞుని గౌరవం రెండవ సూత్రాన్ని పాటించినందువల్ల దక్కింది.

ఈ నగరపు అనుభవం మరొకటి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం నెలకొన్నది. క్షయరోగి శానటోరియంలో, మంచి గాలిలో, బలమైన ఆహారంతో, పూర్తి విశ్రాంతితో ఉండకపోతే నయం కాదని అప్పటివరకు అందరి విశ్వాసం. ఇరుకు ఇళ్ళలో ఉంటున్న పేదరోగులలో కొందరిని శానటోరియంలోను, కొందరిని వారి ఇళ్ళలోనే ఉంచి, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చి, క్రమం తప్పక కఫపరీక్షలు చేశారు. 1959లో ఫలితాలు ప్రకటించేనాటికి రెండు వర్గాలకూ పెద్దగా తేడా కనిపించలేదు. ఇంటివద్ద ఉన్న రోగుల వల్ల కుటుంబీకులకు అదనంగా వ్యాధి సోకిన దాఖలా కూడ లేదు. ఎన్నో దేశాలలో క్షయ చికిత్స ఆసుపత్రి గోడలు దాటి ఇంటికి రావడానికి ఈ నగరపు సూక్ష్మదర్శినులు కారణమయ్యాయి. పెద్దల విశ్వాసం ఒకటి, కఫపరీక్ష చెప్పినది వేరొకటి, పరీక్షనే నమ్మారు.

ఇక పాఠశాల విషయం.

ఉన్నత తరగతుల విద్యార్థులందరికీ తెలిసిన లఘులోలక ప్రయోగాన్నే తీసుకొనవచ్చు. నూరు సెంటీమీటర్ల దారానికి గుండు కట్టి, ఇరవై డోలనాలకు పట్టే కాలం కొలిచి, గురుత్వ త్వరణాన్ని లెక్కకట్టాలి. పుస్తకంలో 980 అని ఉంటుంది. కాలం సుమారు నలభై సెకన్లు రావాలి. గుండును వదిలిన క్షణంలోనే ఒకటి అని లెక్క మొదలుపెట్టిన పిల్లవాడు నిజానికి పందొమ్మిది డోలనాలే కొలుస్తాడు. అతనికి ముప్పయి ఎనిమిది సెకన్లే వస్తాయి. త్వరణం 1090 దాకా తేలుతుంది. అప్పుడు సర్వత్రా జరిగేదేమిటి? 980ని ముందుగా వ్రాసి, దానికి సరిపోయే కాలాన్ని వెనుకకు లెక్కించి, రికార్డు పుస్తకంలో అందమైన అక్షరాలతో నింపుతారు. ఎర్రసిరాతో సరి అన్న గుర్తు, మార్కులు పదికి పది. ఆ పిల్లవాడు సున్నతో లెక్క మొదలుపెట్టాలన్న విషయం ఎన్నటికీ నేర్చుకోడు. అంతకంటె పెద్ద నష్టం, కంటికి కనిపించినదానికన్న పుస్తకంలో ఉన్నదే వ్రాయడం క్షేమమని నేర్చుకొంటాడు. రేపు అతడే ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో రక్తపరీక్ష నివేదికపై సంతకం చేయవలసినవాడు కావచ్చు.

ఇందులో పిల్లల తప్పు కంటె పెద్దల తప్పే ఎక్కువ. 1090 వ్రాసిన రికార్డుకు, ఆ అంకె ఎందుకు వచ్చినదో ఒక వాక్యం వ్రాయగలిగితే, పూర్తి మార్కులు ఇచ్చే ధైర్యం ఉపాధ్యాయులకు ఉండాలి. ఇంటివద్ద తల్లిదండ్రులు కూడ మార్కులెన్ని అని అడిగిన తరువాతనైనా, ఈ వారం ప్రయోగశాలలో ఏమి చేశావు, అనుకొన్నట్లు వచ్చిందా అని అడగాలి. ప్రయోగాల పీరియడును పరీక్షల తర్ఫీదుకు వాడుకోవాలని కోరే తల్లిదండ్రులు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారి ఆందోళన అర్థం కానిది కాదు; వైద్యకళాశాల ప్రవేశపరీక్ష పోటీ ఆ విధంగా ఉన్నది. ప్రయోగాలన్నీ ఇప్పుడు సెల్‌ఫోనులోనే చూడవచ్చు గదా అన్న వాదం కూడ వినవస్తున్నది. చూపించడానికి అవి మంచివే. కాని వీడియోలోని ప్రయోగం ఏనాడూ చెడిపోదు. పరీక్షనాళిక పగలదు, స్పిరిటు దీపం ఆరిపోదు, నీలిరంగు ఆలస్యంగా రాదు. నేర్చుకోవలసినదంతా ఆ చెడిపోవడంలోనే ఉన్నది.

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల విషయంలో మరొక మాట చెప్పవలసి ఉన్నది. ఈ తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, పిల్లవాడు తెలుగులో సైన్సు చదివితే కళాశాలలో ఇంగ్లీషు పాఠాల ముందు నిలవలేడేమోనని భయపడుతూ ఉంటారు. ఆమ్లం, క్షారం, నాభ్యంతరం అన్న మాటలకు బదులుగా వేరే మాటలు నేర్చుకోవలసి వస్తుందన్నది నిజమే. అది కొన్ని నెలల శ్రమ. బ్యూరెట్టులోని ద్రవమట్టాన్ని కన్ను సమంగా ఉంచి చదవడం, చివరి బొట్టు దగ్గర చేతిని ఆపడం, ఫినాఫ్తలీన్ లేత గులాబిరంగు తిరిగిన క్షణాన్ని పట్టుకోవడం మాత్రం ఏ భాషలో నేర్చుకొన్నా ఒకటే. చేతికి వచ్చిన ఆ విద్యను కళాశాలలో తిరిగి నేర్పరు. పుస్తకం హస్తభూషణమంటారు, బ్యూరెట్టును కూడ ఆ వరుసలో చేర్చడం న్యాయం.

దీనికి పెద్ద వ్యయం అక్కరలేదు. మందారపూల రసం నిమ్మరసంలో ఎర్రబడి, సున్నపుతేటలో పచ్చబడుతుంది. కాగితం ముక్కలను ఆ రసంలో ముంచి ఆరబెట్టితే లిట్మస్‌కు బదులు పనికివస్తాయి. భూతద్దం, అద్దం ముక్క, గడియారం, తూనిక, దారం, గాజు గ్లాసులతో ఎనిమిదవ తరగతి వరకు ఎన్నో ప్రయోగాలు చేయించవచ్చు. పై తరగతులకు మాత్రం కొనవలసినవి కొన్ని తప్పవు. పూర్వ విద్యార్థులు ఉదారంగా విరాళాలు ఇస్తున్నారు. దాతల పేర్లతో గాజు బీరువాలు, చలువరాతి ఫలకాలు అమరుతున్నాయి. అందుకు కృతజ్ఞత చెప్పకుండా ఉండరాదు. కాని బీరువా ఒకసారి కొంటే యాభై ఏళ్ళు ఉంటుంది. ఆమ్లం, వడపోత కాగితం, పగిలిన పిపెట్టుకు మారు పిపెట్టు ఏటేటా కావాలి. వాటి మీద ఎవరి పేరూ చెక్కడానికి వీలులేదు గనుక వాటికి దాతలు దొరకడం లేదు.

అందువల్ల ప్లాటినం జూబిలీ నిధిలో ఒక భాగాన్ని బ్యాంకులో నిలువ ఉంచి, దానిమీద వచ్చే వడ్డీని ప్రయోగశాలలో ఖర్చయిపోయే సామగ్రికి మాత్రమే వినియోగించాలన్న సూచన నిర్వాహక వర్గం ఎదుట ఉన్నది. ఆరవ తరగతి నుండి ప్రతి సెక్షనుకు వారానికొక పీరియడు, పరీక్షల నెలలలో సైతం రద్దు కాకుండా, ప్రయోగశాలలోనే జరగాలన్నది రెండవ సూచన. మూడవది అన్నింటికంటె అత్యవసరం. ప్రయోగశాలలో నాలుగు తొట్లు ఉన్నవి. వాటిలో రెండింటికి నీరు రాదు, ఒకదానికి మురుగుగొట్టం పూడిపోయినది. వేసవి సెలవులలో పని పూర్తయితే జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్లలు చేతులు కడుక్కోవడానికి వీలవుతుంది.